మూడు కాలేజీలు, ఒక్క ఫోను

ఎస్తేరత్తమ్మ పోయాక, వనపర్తిలో ఆమె కిరాయికున్న ఇల్లు ఖాళీ చేయడానికి నాయినా నేనూ వెళ్లాం. చీరలు చర్చి వాళ్లకిచ్చేశాం. వంటసామాను పక్కింటావిడ తీసుకుంది. చివరికి ముందుగదిలో గోడకు కొట్టిన చెక్కపెట్టె ఒకటి మిగిలింది. ఇంటికి కొత్తగా టెలిఫోను వచ్చినప్పుడు అత్తమ్మ వడ్రంగితో చేయించుకున్నది అది. ముందు చిన్న తలుపు, దానికో బుల్లి తాళం. తాళంచెవి ఆమె మెడలోని సిలువ గొలుసుకే వేలాడేది. వాడకట్టు మొత్తం వచ్చి ఫోన్లు చేసుకుంటారని భయపడి అలా చేయించింది. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు ఫోను ఆ పెట్టెలోనే మోగి మోగి ఆగిపోయేది. నేను పుస్తకం ముందు కూర్చుని వింటూ ఉండేదాన్ని. నాయిన ఆ పెట్టెను ఊడదీసి, దుమ్ము దులిపి, "గట్టి కట్టె బిడ్డ, నువ్వు తీస్కపోతవా?" అని అడిగాడు. వద్దన్నాను. "మంచిగున్నది గదా" అన్నాడు. నాకొద్దని మళ్లీ అన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన ఇంకేమీ అడగలేదు. అక్క అంటే ఆయనకు దేవుడి తర్వాత దేవుడు. ఆ గౌరవాన్ని కదిలించడం ఇష్టం లేక, జరిగిన సంగతి ఇన్నేళ్లూ ఆయనకు చెప్పలేదు.

మాది ధరూర్ మండలంలో, కృష్ణ ఒడ్డు వైపు ఊరు. అమ్మా నాయినా కూలికి పోయేవాళ్లు. ఏడాదికొకసారి ఎవరిదో కొంత చెలక కౌలుకు తీసుకుని పత్తో పల్లికాయో వేసేవాళ్లు. అది చేతికి రాని ఏడు ఇంటికి తాళం వేసి బొంబాయి పనులకు పోయేవాళ్లు. మా ఇంట్లో బడి గడప మొదట తొక్కింది ఎస్తేరత్తమ్మ. మిషను హాస్టల్లో ఉండి నర్సు చదువు చదివి వనపర్తి సర్కారు దవాఖానలో ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్లయిన కొత్తలోనే మామ ఆర్నెల్లకని బొంబాయి పోయి అక్కడే ఉండిపోయాడు. ఆయన ఇంకో ఇల్లు కట్టుకున్నాడని పనికి పోయొచ్చిన వాళ్లు చెప్పారు. ఆ సంగతి అత్తమ్మ నోట నేనెన్నడూ వినలేదు. ఆయన పేరు ఎత్తేది కాదు, ఆయన్ని తిట్టిన వాళ్లను కూర్చోబెట్టేదీ కాదు. గద్వాల హాస్టల్లో ఉండి నేను పదో తరగతి పాసైనప్పుడు, తానే వచ్చి నా పెట్టె పట్టుకుని, "ఇంటర్ నా దగ్గర చదువుతది" అని మా అమ్మతో చెప్పింది. అడగడం కాదు, చెప్పడమే. ఆమె తీరు అది. ఆ తీరు మీదే నాకు ఎంతో నమ్మకం ఉండేది.

ఆ ఇంట్లో పొద్దు ఒకే పద్ధతిలో మొదలయ్యేది. చీకటుండగానే లేచి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేది. అందులో నా పేరు వినబడేదాకా దుప్పట్లోనే పడుకుని, వినబడగానే లేచేదాన్ని. తర్వాత జొన్నరొట్టెల చప్పుడు. పిండిని అరచేతులతో కొట్టి కొట్టి పలచగా చేసి పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచేది. రొట్టె వాసనా, ముందురోజు గంజి పెట్టి ఆరేసిన తెల్లచీర వాసనా, ఆమె చేతుల నుంచి ఎంత కడిగినా పోని డెట్టాల్ వాసనా కలిసిపోయి ఆ ఇంటి గాలి అయ్యేవి. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ కోస్తూ నాకు జంతుశాస్త్రం పాఠాలు అప్పజెప్పించేది. సాయంత్రం దవాఖాన నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, ఆ రోజు ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఏ డాక్టరు ఎవరిని కసిరాడో చెప్పేది. నేను కాలేజీలో జరిగినవి చెప్పేదాన్ని. మా ఇద్దరి మధ్య దాపరికం అన్నది ఉండదని నేను అనుకునేదాన్ని. మా అమ్మతో చెప్పలేనివి కూడా ఆమెతో చెప్పేదాన్ని.

కళ్ల మీద నాకు ధ్యాస పుట్టించింది కూడా ఆమే. పంటలు అయిపోయాక ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టేవాళ్లు. అత్తమ్మ వెళ్తూ సెలవు దినమైతే నన్ను వెంటబెట్టుకునేది. అక్షరాలు రాని వాళ్ల కోసం ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఒక్కటే అటూ ఇటూ తిప్పి రాసిన అట్ట ఉంటుంది. దాని కాళ్లు ఎటున్నాయో ముసలివాళ్లు వేళ్లతో చూపాలి. పైకా, కిందికా, ఈ పక్కకా, ఆ పక్కకా. వంపులు తిరిగిన ఆ వేళ్లను చూస్తూ రోజంతా నిలబడగలిగేదాన్ని. ఒకసారి అయిజ దగ్గర ఊళ్లో ఒక అవ్వకు పరీక్ష చట్రం పెట్టి అద్దాలు మార్చుతున్నారు. సరైన అద్దం పడ్డప్పుడు ఆమె అట్ట వంక చూడలేదు, ఎదురుగా ఉన్న డాక్టరు వంకా చూడలేదు. తన చేతులు రెండూ ఎత్తి ముందూ వెనకా తిప్పి చూసుకుంది. "గింత ముడతలు పడ్డయా?" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆ చేతులే తలచుకుంటూ కూర్చున్నాను. అత్తమ్మ నన్ను చూసి, "డాక్టరు చదువు మనకు అందకపోతె అందకపాయె. అద్దాలు పెట్టే చదువు ఒకటున్నదంట, ఆప్టోమెట్రీ అని. కనుక్కుంట ఉండు" అంది.

కనుక్కుంది కూడా. దవాఖానకొచ్చే ప్రతి కంటి డాక్టరునీ అడిగింది. ఇంటర్ పరీక్షలయ్యాక మూడు చోట్లకు దరఖాస్తు పెట్టించింది. మద్రాసులో ఒక పెద్ద కంటి ఆస్పత్రి నడిపే కాలేజీ, నాలుగేళ్ల డిగ్రీ. బీద పిల్లలకు చదువూ వసతీ వాళ్లే చూసుకుంటారు. రెండోది హైదరాబాదులో, అదీ డిగ్రీయే. మూడోది కర్నూల్లో రెండేళ్ల డిప్లొమా. మద్రాసు వాళ్లు మన పిల్లల కోసం హైదరాబాదులోనే ఇంటర్వ్యూ పెట్టారు. నెల్లూరు ఆవిడ ఒకరు, వసంత మేడం, అడిగారు, కళ్లే ఎందుకని. నేను అయిజ అవ్వ చేతుల సంగతి చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపి విన్నారు. బయటికొస్తే అత్తమ్మ మెట్ల మీద కూర్చుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేస్తోంది.

మూడు చోట్లా సీటొచ్చింది. ఆ వారం ఆ ఇంట్లో ఉన్న సంతోషం మళ్లీ ఏ ఇంట్లోనూ నేను చూడలేదు. నాయిన ఊరి నుంచి వచ్చాడు. గడపలోనే గొంతుక్కూర్చుని, మూడు ఊళ్ల పేర్లు మార్చి మార్చి అడిగి చెప్పించుకున్నాడు.

"నాకేం తెల్వదు బిడ్డ. అక్క ఎట్ల చెప్తె గట్ల" అన్నాడు.

"నేనెందుకు చెప్పాలె? చదివేది అది" అంది అత్తమ్మ. "సునీతా, నువ్వు చెప్పు."

"మద్రాసు మంచిదంటుండ్రు అత్తమ్మ. గని చాన దూరం. హైదరాబాద్ అయితె బస్సెక్కితె వస్త. కర్నూలు అయితె ఇంకా దగ్గర. గని అది డిగ్రీ గాదు."

"దూరమని మంచిది ఇడిసిపెడ్తవా? మద్రాసు ఉండంగ హైదరాబాద్ ఏంది, కర్నూలు ఏంది? మద్రాసే పో."

నాయిన తలూపాడు. హైదరాబాదు వాళ్లకు గడువులోగా ఒప్పుకుంటున్నామని చెప్పాల్సి ఉంది. అత్తమ్మ మాట మీద ఆ గడువు దాటనిచ్చేశాం. కర్నూల్లో చేరికలు ఆలస్యం గనుక అది మాత్రం ఉండిపోయింది. మద్రాసు వాళ్లు ఫోను చేసి, వస్తున్నావా లేదా అని అడిగి, ఎప్పుడు చేరాలో చెబుతామన్నారు. మాకు ఇచ్చుకోవడానికి ఉన్నది ఒక్క నంబరే, ఆ చెక్కపెట్టెలోది. సెలవులు గనుక అత్తమ్మ నన్ను ఊరికి పొమ్మంది. "మల్ల నాలుగేండ్లు మీ అమ్మకు దొరకవు. పోయి ఉండు. ఫోనొస్తె నేనే వచ్చి చెప్త" అంది. అప్పటికే బజారుకెళ్లి నాకో నీలం సూట్‌కేసు కొనుక్కొచ్చింది. దవాఖానలో ఎవరి దగ్గరో నాలుగు అరవ మాటలు నేర్చుకుని నాకు చెప్పి, తానే నవ్వింది.

ఊళ్లో ఆ ఎండల్లో నాకు నిద్ర పట్టేది కాదు. మద్రాసు కోసం ఆరాటపడుతున్నానని అమ్మ అనుకుంది. నిజానికి నేను అత్తమ్మ గురించి ఆలోచిస్తున్నాను. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ రోజు పుట్టినవాళ్ల గురించీ పోయినవాళ్ల గురించీ ఎవరికి చెబుతుంది? పొద్దున ఒక్క మనిషికి రొట్టెలు కొట్టుకుంటుందా, లేక రాత్రి అన్నమే తిని పోతుందా? జ్వరమొస్తే నీళ్లు ఎవరిస్తారు? అలా ఆలోచించి ఆలోచించి, ఒక పొద్దున పల్లికాయ వొలుస్తుండగా నాలో నేనే నిశ్చయం చేసుకున్నంత పని చేశాను. మద్రాసు వద్దు. హైదరాబాదు వాళ్లను బతిమాలి చూద్దాం. వాళ్లు కాదంటే కర్నూలే. వారం వారం వనపర్తి రావచ్చు. అత్తమ్మ తిడుతుంది, తిట్టనీ. ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని కూడా అనుకుంటున్నాను.

ఆమె మధ్యాహ్నం బస్సుకు దిగింది. ఎండకు మొహం నల్లబడి ఉంది. నీళ్లు కూడా తాగకుండా గుంజకానుకుని కూర్చుంది.

"ఫోను చేసిండ్రు" అంది. "సీట్లు నిండినయంట. మనకిచ్చింది వేరేవాళ్లకు పోయిందంట."

అమ్మ నెత్తిన చేయి పెట్టుకుంది. అత్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఊరికే కళ్లు తుడుచుకోవడం కాదు, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాను. "పోతె పోనీ అత్తమ్మ. నాకు కర్నూలే మంచిగుంటది, నీ దగ్గరికి వస్తుంట" అన్నాను. నీళ్లు తెచ్చి తాగించాను. నిశ్చయం నేను చేసుకున్నట్టే అయింది గానీ, నా చేతుల మీదుగా కాకుండా అయింది. కొంచెం బాధ, కొంచెం నిమ్మళం. ఆమె అంత ఏడుస్తుంటే నా బాధ చిన్నదనిపించింది. ఓదార్చింది నేను. ఆ ఒక్క విషయం తలచుకుంటే ఇప్పటికీ నా మొహం వేడెక్కుతుంది.

కర్నూలు కాలేజీ అంటే రెండు గదులు, పాతబడిన యంత్రాలు. చెప్పేవాళ్లు ఓపిక ఉన్నరోజు చెప్పేవాళ్లు. అయినా నేను సణుక్కోలేదు. చేతికి దొరికిన ప్రతి కన్నూ చూశాను. శనివారం సాయంత్రం బస్సెక్కి వనపర్తి పోయేదాన్ని. అత్తమ్మ నాకోసం కోడికూర చేసి ఉంచేది. ఆదివారం చర్చికి కలిసి వెళ్లేవాళ్లం. పాదిరి గారికి నన్ను చూపించి, "మా సునీత. కండ్ల చదువు" అనేది. ఆమె గొంతులో అంత గర్వం ఉంటే, మద్రాసు పోకపోవడం మంచిదే అయిందని ఎన్నోసార్లు అనుకున్నాను.

రెండో ఏడు నాగర్‌కర్నూల్లో పెద్ద కంటి శిబిరం పెట్టారు. చాలా చోట్ల నుంచి పిల్లలూ పంతుళ్లూ వచ్చారు. కర్నూలు నుంచి మమ్మల్ని తీసుకెళ్లారు. పాఠశాల వరండాలో బల్ల వేసుకుని నేను ముసలివాళ్ల చూపు పరీక్షిస్తున్నాను. వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగి చూస్తే వసంత మేడం. వెంట్రుకలు కొంచెం నెరిశాయి, అంతే. నేను లేచి నిలబడ్డాను. ఆమె నన్ను చూసి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నొసలు చిట్లించారు.

"నువ్వు గద్వాల వైపు అమ్మాయివి కదూ? చేతులు చూసుకున్న ముసలమ్మ కథ చెప్పావు."

"అవును మేడం."

"ఇక్కడేం చేస్తున్నావు? చదువు మానలేదన్నమాట. మీ ఆయన చదివిస్తున్నాడా?"

నాకు అర్థం కాలేదు. "నాకు పెళ్లి కాలేదు మేడం" అన్నాను.

"అదేమిటి? నేనే కదా ఫోను చేసింది. మీ అమ్మగారు ఎత్తారు. అమ్మాయికి పెళ్లి కుదిరింది, పంపించం అన్నారు. పెళ్లయ్యాక అయినా పంపించండి, ఒక నెల సీటు ఆపుతాను అన్నాను. వద్దమ్మా, మళ్లీ చేయొద్దు అన్నారు."

మా అమ్మ తన జన్మలో అప్పటికి ఫోను పట్టుకుని ఎరగదు. మేడం ఇంకా ఏదో అంటున్నారు. నా ముందు కూర్చున్న తాత, చట్రం ముక్కు మీద పెట్టుకుని, వేలు పైకి చూపుతూ ఎదురుచూస్తున్నాడు. అతని పరీక్ష పూర్తి చేశాను. ఎలా చేశానో తెలియదు. మా సార్‌కు కడుపునొప్పని చెప్పి, దొరికిన బస్సెక్కి వనపర్తి వెళ్లాను. దారంతా కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా అత్తమ్మ గొంతుతో మాట్లాడి ఉంటారా అని ఒకసారి, మేడం ఇంకెవరినో అనుకుని ఉంటారా అని ఒకసారి, అత్తమ్మను తప్పించే దారి కోసం వెతుక్కున్నాను. పొద్దు గూకకముందే ఇల్లు చేరాను.

అత్తమ్మ వంటింట్లో రొట్టెలు చేస్తోంది. "ఇయ్యాల వచ్చినవేంది? శనివారం గాదు గదా" అంది.

"మద్రాసోళ్లు ఫోను చేసినప్పుడు ఏం చెప్పినవ్ అత్తమ్మ?"

ఆమె చేయి ఆగలేదు. రొట్టెను పెనం మీద వేసి, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు అడిగింది. "ఎవరు చెప్పిండ్రు?"

"నువ్వు చెప్పు. ఏం చెప్పినవ్?"

"లగ్గమైతుందని చెప్పిన."

"ఎవరి లగ్గం?"

"నీదే."

ఆమె అబద్ధం ఆడుతుందేమోనని భయపడుతూ వచ్చాను. అంత తొందరగా నిజం చెప్పేసరికి గడప మీద కూర్చున్నాను.

"సీట్లు నిండినయని నాకు చెప్పినవ్. గుంజకానుకొని ఏడ్చినవ్. నేను నీకు నీళ్లు తాగించిన."

"ఏడ్సింది అబద్ధం గాదు బిడ్డ."

"మద్రాసే పొమ్మన్నది నువ్వే గదా. హైదరాబాద్ వద్దన్నది నువ్వే గదా."

"అప్పుడు పొమ్మనే అనుకున్న" అంది. పెనం మీది రొట్టె మాడుతోంది. "నువ్వు ఊరికి పోయినంక ఇంట్ల ఉండబుద్ధి కాలే. రెండు దినాలకే గట్లయింది. గప్పుడే ఆ ఫోనొచ్చింది."

ఆమె మొదట నిజంగానే పొమ్మందో, హైదరాబాదును తప్పించడానికే అలా అందో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు అడిగాను. ఆమె మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది. నా వంక చూడకుండా, "పోయినోళ్లు వస్తరా? మీ మామ గూడ ఆర్నెల్లకు వస్తననే పోయిండు" అంది. ఆ ఇంట్లో ఆయన మాట ఆమె నోట విన్నది ఆ ఒక్కసారే.

"నేను మామనా అత్తమ్మ?"

ఆమె ఇంకో పిండిముద్ద అందుకుంది.

"ఉండుమని ఒక్కమాట నన్నడిగితె ఏమైతుండె?"

"అడిగితె నువ్వు ఒద్దంటుంటివి. అందుకే అడగలే."

నేను పల్లికాయ వొలుస్తూ చేసుకున్న నిశ్చయం నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ మాట వింటే ఆమె బతికినంత కాలం దాన్ని మోస్తుందని చెప్పలేదో, ఇక ఆమెకు నా నుంచి ఏదీ ఇవ్వబుద్ధి కాక చెప్పలేదో, ఇప్పుడు విడదీసి చెప్పలేను. మద్రాసు పోయిందన్న దుఃఖం కాదు నాది. అడిగితే నేను ఉండేదాన్ని. నా అంతట నేను ఆమెకు ఇవ్వబోయినదాన్ని, నేను ఇవ్వనని అనుకుని, దొంగతనంగా తీసుకుంది. రెండేళ్లు పెంచిన పిల్ల ఎలాంటిదో ఆమెకు తెలియలేదు. ఆ రాత్రి నేను అక్కడ తినలేదు. పక్కింటి వాళ్ల దగ్గర పడుకుని పొద్దున్నే కర్నూలు పోయాను.

తర్వాత నేను వనపర్తి పోవడం మానలేదు. నాయిన అడుగుతాడు గనుక పోయేదాన్ని. పండక్కి చీర తీసుకెళ్లేదాన్ని, జబ్బు చేస్తే దవాఖానలో కూర్చునేదాన్ని. కానీ ఏ సంగతైనా జరిగిపోయాకే ఆమెకు చెప్పేదాన్ని. నాగర్‌కర్నూల్లో కంటి ఆస్పత్రి ఉద్యోగంలో చేరిన తర్వాత చెప్పాను. నా పెళ్లి కుదిరి, రోజు కూడా పెట్టుకున్న తర్వాత చెప్పాను. ఆమెకు అది అర్థమైంది. "మంచిది" అని మాత్రం అనేది. ఉద్యోగంలో నా డిప్లొమా నన్ను ఎక్కడ ఉంచాలో అక్కడే ఉంచింది. డిగ్రీ చేసి వచ్చిన పిల్లలు, నాకన్నా చిన్నవాళ్లు, లోపలి గదిలో కూర్చుంటారు. నేను ముందుగదిలో చూపు పరీక్షించి వాళ్ల దగ్గరికి పంపుతాను. నా పని నాకు ఇష్టమే. అయినా లోపలి గది తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఒక్క క్షణం వనపర్తి వంటిల్లు కళ్లలో మెదులుతుంది.

ఇప్పుడు పిల్లల చేతుల్లో ఎవరి ఫోను వాళ్లకుంది. కాలేజీలు నేరుగా వాళ్లకే చెబుతాయి, మధ్యలో పెట్టె లేదు, తాళం లేదు. మొన్నామధ్య అమ్రాబాద్ నుంచి ఒక అమ్మాయి వాళ్లమ్మకు అద్దాల కోసం వచ్చి, తనకూ రెండు మూడు చోట్ల ఆప్టోమెట్రీ సీటొచ్చిందని, ఎక్కడ చేరమంటారని నన్నడిగింది. నాకు తెలిసింది చెప్పాను. చెప్పి, పక్కన కూర్చున్న తల్లిని, "నీకేమనిపిస్తుందమ్మా?" అన్నాను. ఆమె కూతురి వంక చూస్తూ, "చాన దూరమైతది మేడం. నాకు బుగులైతది. ఇది లేకుంటె ఇంట్ల పొద్దు వోదు. గని దాని ఇష్టం" అంది. కూతురు, "నువ్వు ముందే చెప్పొచ్చు గదనే" అని తల్లి చేయి పట్టుకుంది. వాళ్లు వెళ్లిపోయాక, తేడా ఫోన్లలో లేదనిపించింది. ఆ తల్లి లాంటి వాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. నాకు దొరకలేదు, అంతే.

అత్తమ్మ పోవడానికి కొంతకాలం ముందు ఒక మధ్యాహ్నం వెళ్లాను. మంచానికి దిండు ఆనించుకుని కూర్చుంది. చేతులు సన్నబడ్డాయి. బయట ఎండలో ఎవరో మిరపకాయలు ఆరబోస్తున్నారు, ఆ ఘాటుకు ఇద్దరం తుమ్మాం. బీపీ చూశాను, మందులు సర్దాను. లేస్తుంటే, "సునీతా" అంది.

"ఏంది అత్తమ్మ?"

"నా మీద ఇంకా కోపమున్నదా?"

అంతకుముందు ఎన్నోసార్లు ఈ ప్రశ్న వస్తుందనుకుని, లేదని చెప్పడానికి సిద్ధపడి ఉన్నాను. ఆమె కళ్లలోకి చూసేసరికి, ఇంకో అబద్ధం మా ఇద్దరి మధ్య వద్దనిపించింది.

"ఉన్నది" అన్నాను.

ఆమె తలూపింది. బాధపడినట్టు లేదు, ఆశ్చర్యపోయినట్టూ లేదు.

"ఉండనీ తియ్" అంది. "అన్నం తిని పో."

నేనే వంటింట్లోకి వెళ్లి పళ్లెంలో పెట్టుకుని, ఆమె మంచం పక్కన కింద కూర్చుని తిన్నాను. తింటున్నంత సేపూ ఆమె నన్నే చూస్తూ కూర్చుంది. చేయి కడుక్కుని, పోయొస్తనని చెప్పి, బస్సుకు బయలుదేరాను.